పశువులపాక పక్కన పెద్ద గొర్రె

రాజోలులో నిర్మలకి కరుస్తుందని పేరు. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు. పుట్టుకతో ఆ నోరు లేదు. కూతురు శారోనుకి ఆటిజం అని కాకినాడ డాక్టరు చెప్పిన దగ్గర్నించీ ఊళ్ళో తల్లులంతా కలిసి ఆమెకి ఆ నోరు తెప్పించేరు.

ఎన్ని సలహాలో! ఫోను చూపించబట్టే అలా తయారైందని ఒకావిడ. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆవిడ చంకలో పిల్లాడు ఫోను చూస్తూనే ఉన్నాడు. ఉద్యోగం మానేసి పిల్లని చూసుకోవచ్చు కదా అని ఇంకొకావిడ. ఆ ముక్క నిర్మల మొగుడు ప్రవీణ్ కుమార్‌తో మాత్రం ఎవరూ అనలేదు. "రెండు తగిలిస్తే దార్లోకొస్తుందండీ" అని మరొకావిడ. "మీకు చిన్నప్పుడు తగిలించలేదాండీ?" అని అడిగింది నిర్మల. కరుస్తుందన్న పేరు ఆ రోజు వచ్చిందే.

శారోనుకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మాటలు తక్కువ, కూనిరాగం ఎక్కువ. సంతోషం వస్తే చేతులాడిస్తుంది. మైకు కీచుమంటే చెవులు మూసుకుని కూలబడిపోతుంది. ఏ పాటైనా రెండోసారి వినేసరికి రాగం పట్టేస్తుంది.

పోయిన క్రిస్మస్‌కి చర్చిలో సండే స్కూలు పిల్లల చేత నాటిక వేయించేరు. టీచరు రాహేలు మంచిదే, కాస్త భయస్తురాలు. శారోనుకి గొర్రె వేషం ఇచ్చింది. పశువులపాక పక్కన కూచోవడమే, మాటల్లేవు. నిర్మల తెల్ల చొక్కాకి దూది అంటించి తొడిగింది. శారోను ఇక దాన్ని విప్పనిస్తే ఒట్టు. అన్నం కూడా గొర్రెగానే తినేది.

ఇంతలో ఓ ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం పెద్ద సత్యవాణిగారు నలుగురు తల్లులని వెంటేసుకుని వచ్చేరు.

"నిర్మలా, ఏమీ అనుకోకమ్మా. వీడియో తీయిస్తున్నాం కదా, మస్కట్‌లో మనవాళ్ళందరూ చూస్తారాయె. మధ్యలో పాప అరిచిందనుకో... పాపం, దాని తప్పు కాదులే. నీ దగ్గరే కింద కూచోబెట్టుకో. మిగతా పిల్లలు కూడా చూసి నేర్చుకుంటారని వీళ్ళ బాధ."

"ఏం నేర్చుకుంటారండీ?"

"అదే, ఆ చేతులాడించడం, అదీ..."

నిర్మల ఆ నలుగురి వంకా చూసింది. ఒకావిడ కొడుకు మొన్ననే ఇంకో పిల్లాడి పన్ను ఊడగొట్టేడు. అది హుషారట. పక్కావిడ కూతురికి అబద్ధం ఆడందే పొద్దు గడవదు. అది తెలివట. శారోను చేతులు మాత్రం అంటురోగం!

"ఇన్నాళ్ళూ దాని పక్కన కూచుని మీ పిల్లలు ఒక్క పాట సరిగ్గా పాడ్డం నేర్చుకోలేదు కదండీ. ఇదొక్కటీ ఎలా నేర్చుకుంటారు?"

నలుగురి మొహాలూ మాడిపోయేయి. సత్యవాణిగారు సర్దబోయేరు. "అది కాదమ్మా, పక్కన తల్లి ఉంటే అదో ధైర్యం. స్టేజీ మీద నువ్వెలా ఉంటావు?"

"ఆయ్, ఉంటానండి" అంది నిర్మల.

ఇంటికెళ్ళి చెబితే ప్రవీణ్ కుమార్ వెళ్ళి ఇంకో రెండు దూది చుట్టలు కొనుక్కొచ్చేడు.

నాటిక రోజు తెర లేచేసరికి పాక పక్కన రెండు గొర్రెలు. ఒకటి చిన్నది, ఒకటి మండలాఫీసులో పనిచేసేది. జనం గొల్లుమన్నారు. ఒక్క క్షణం నిర్మలకి భూమిలోకి కూరుకుపోదామనిపించింది. అంతలో ముందు వరసలో సత్యవాణిగారి మొహం కనబడింది. ఆముదం తాగినట్టుంది. దాంతో సిగ్గు ఎటుపోయిందో పోయింది.

మైకు కీచుమంది. శారోను కూలబడింది. నిర్మల దాని చెవులు అరచేతులతో మూసి ఒళ్ళోకి లాక్కుంది. ఈలోగా యోసేపు వేషం పిల్లాడు ఒంటేలుకెళ్తానని ఏడుపు లంకించుకున్నాడు. రెక్క తొక్కేడని దేవదూత ఓ కాపరిని లెంపకాయ కొట్టింది. "పిల్లలు కదా!" అని అందరూ మురిసిపోయేరు. ఇన్నేళ్ళలో శారోను గురించి ఆ రెండు మాటలూ ఒక్కరి నోట వినలేదు నిర్మల.

ఆఖరి పాటకి డప్పులు మొదలయ్యేయి. శారోను లేచి తిన్నగా మెట్లు దిగి నడిచింది. వెనకే పెద్ద గొర్రె. జనం మధ్యలోంచే బయటకి వెళ్ళేరు.

గుమ్మం దగ్గర సత్యవాణిగారు అడ్డం వచ్చి, వీడియో కెమెరా వైపు మొహం పెట్టి, "ఎంత ఓపికమ్మా నీకు! ఇలాంటి బిడ్డల్ని దేవుడు నీలాంటివాళ్ళకే ఇస్తాడు" అన్నారు.

"దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడండీ. మీరు కాస్త తప్పుకుంటే పిల్లని ఇంటికి తీసుకెళ్తాను."

ఈ ఏడాది నాటికకి రాహేలే ఇంటికొచ్చి శారోనుని అడిగింది, సత్యవాణిగారికి చెప్పకుండా. పుట్టినరోజులకి పిలిచేవాళ్ళు మాత్రం తగ్గిపోయేరు. నిర్మలకి అదో బెంగ కాదు. సాయంత్రాలు తల్లీకూతుళ్ళు కాలవగట్టున నడుస్తారు. ఎవరైనా ఆగి జాలిగొంతుతో, "పాపకి ఇప్పుడెలా ఉందండీ?" అంటే, నిర్మల కూడా అదే గొంతు తెచ్చుకుంటుంది.

"బావుందండి. మీ అబ్బాయికెలా ఉంది?"