మూడో కొమ్మ మీద నాయనమ్మ

ఆ రోజుల్లో, అంటే నా తలమీద జుట్టూ తలలో ధీమా రెండూ ఒత్తుగా ఉన్న రోజుల్లో, నేను కలకత్తాలో ఒక ప్రయోగశాలలో కప్పల వంశవృక్షాలు గీసేవాణ్ణి. (రేవులో పనిచేసే మా నాన్న, కొడుకు ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే ‘సైన్సు’ అని దగ్గేవాడు.) చెట్లమీద ఉండే గోధుమరంగు కప్పలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా, వాటిలో రెండు వేరువేరు జాతులున్నాయి. కంటికి తేడా అందదు కనుక, ఒక్కో కప్ప నోట్లో దూదిపుల్ల తిప్పి, దానికంటిన డీఎన్ఏ చదివించి, ఎవరిది ఏ కొమ్మో తేల్చాలి. ఒకరోజు నా చెట్టుకి మూడో కొమ్మ మొలిచింది! కలకత్తా శివార్లలో, బడ్జ్ బడ్జ్ అరటితోటలో పట్టిన ఏడో నంబరు కప్పది. రెండు జాతులకీ ఆమడ దూరంలో, ఠీవిగా, ఒంటరిగా. అంత దూరముంటే అనుమానించాలని తోచలేదు, అంత గొప్పదనుకున్నాను. ఎవరికీ చూపించకుండానే ఇంటికి పరిగెత్తి, కొత్త జాతికి నాయనమ్మ పేరు పెడుతున్నానని ప్రకటించాను.

“కప్పకి నా పేరేటిరా, సచ్చినోడా! ఈదిలో తలెత్తుకోగలనా?”

“ప్రపంచమంతా పుస్తకాల్లో రాస్తారే నాయనమ్మా.”

“పెపంచకమంతానా?” కొంగు సర్దుకుంది. “ఎలాగుంటాదేటి?”

“గోధుమరంగు. పెద్ద కళ్ళు.”

“మరి నానూ అంతే గదా!”

సాయంత్రానికి వీధివీధంతా రసగుల్లాలు పంచింది. కుళాయి దగ్గర ఎవరో కిసుక్కుమంటే, “నీ పేరున దోమైనా ఉందేటే?” అని నోరు మూయించింది.

మర్నాడు ప్రయోగశాలలో మా సీనియర్, బెంగాలీ దాదా, నా ఏడో నంబరును పాత రికార్డులతో పోల్చి చూసి కుర్చీలోంచి జారాడు. “ఎ కీ రే! ఇది కప్ప కాదు, సముద్రపు చేప!”

“చేప అరటిచెట్టెక్కిందా దాదా?” (నిజంగానే అడిగాను.)

“నీ టిఫిన్ డబ్బా ఎక్కింది. ఆ రోజేం తిన్నావ్?”

ఎండు నెత్తళ్ళ పొడి! వేలెడంత సముద్రపు చేపలవి, శ్రీకాకుళం నుంచి తెప్పించి, ఎండబెట్టి, నాయనమ్మ స్వయంగా దంచి కట్టిచ్చింది. తోటలో అన్నంలో కలుపుకుంటుండగా ఎదుటి ఆకుమీద కప్ప కనిపించింది. చేయి కడుక్కుని, గ్లవుజులు తొడుక్కునేదాకా అది నాకోసం కూర్చుంటుందా? ఆ వేళ్ళతోనే పట్టాను, ఆ వేళ్ళతోనే దూదిపుల్ల కొన సరిచేశాను. చేతులు కడుక్కుని, కొత్త దూదిపుల్ల తిప్పి మళ్ళీ చదివిస్తే ఏడో నంబరు బుద్ధిగా మొదటి కొమ్మమీదికి వెళ్ళి కూర్చుంది.

ఇంటికెళ్ళి తలవంచుకుని అంతా చెప్పాను. రసగుల్లాలు తిన్న వీధంతా కిటికీలోంచి వింటోందనిపించింది.

“అయితే కప్పకి నా పేరు నేదా?”

“లేదే.”

నాయనమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని ఆలోచించింది. “పోనీ, ఆ సేపకెట్టీరా. నాను దంచిందే గదా!”

ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు మూడో కొమ్మ పట్టుకుని గాల్లో తేలుతూ వస్తే, ముందు భోజనంలో ఏం తిన్నారని అడుగుతాను. నా చేతులకు రోజంతా గ్లవుజులే. ఎంత వాసన చూసినా రబ్బరు తప్ప ఏమీ తగలదు. కానీ ఆ పాత నోటుపుస్తకంలో మూడో కొమ్మను నేనింకా చెరపలేదు. దాని కొసన పెన్సిలుతో నాయనమ్మ పేరుంది, కొత్త జాతుల పేర్లకి తగిలించే లాటిన్ తోకతో సహా.