కాంటా గదిలో బీరువా తాళం

మా ఊరి గ్రంథాలయం పెట్టింది నేనే. పాలస్తీనా పల్లెల్లో గ్రంథాలయాలు పెడుతున్నవాళ్లు కూడా నన్నే సలహా అడిగారని బోధన్‌లో ఛాయ్ హోటల్లో కూర్చుని చెప్పాను. నలుగురు నమ్మారు. నిజానికి వాళ్ల సంగతి పేపర్లో చదివాను, అంతే. అక్కడ ఊరివాళ్లే తలా ఒక పుస్తకం తెచ్చి గది నింపుకున్నారట. ఆలివ్ తోట పని నుంచి నేరుగా వచ్చిన ఒకామె, మట్టి చేతులతోనే పుస్తకం పట్టుకున్న ఫోటో వేశారు.

మా ఊళ్లోనూ పెట్టింది నేనొక్కణ్ణే కాదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరకు బండ్లు రావడం ఆగాక, ఖాళీగా పడున్న తూకం కాంటా గదికి సున్నం వేసింది, పుస్తకాలు తెచ్చింది ఊరే. నేను చేసిందల్లా బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకోవడం.

ఒక మధ్యాహ్నం బీడీలు చుట్టే ఒకామె వచ్చింది. పిల్లల తల్లి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయబోతోంది.

"బాపూ, సైన్సు పుస్తకం ఇయ్యరాదు. సదివి మళ్ల తెచ్చిస్త."

దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కిన పుస్తకాలవి. ఆమె వేళ్లు చూశాను.

"గా తంబాకు సేతులతోని సరస్వతిని ముట్టుకుంటవా బిడ్డా? కడుక్కొని రాపో."

"కడిగితే పోతదా బాపూ?" అని నా మొహంలోకి చూసింది. "మరి నీ నోట్ల ఉన్నదేంది? గా బీడీ సుట్టింది మేమే గద!"

పేపరు చదువుతున్నవాళ్లు పకపకా నవ్వారు. బీడీ తీసి పారేశాను గానీ తాళం తీయలేదు. ఆమె వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. పరీక్ష దగ్గరపడింది. పేపర్లో చూసిన ఆ మట్టి చేతుల ఫోటో పదే పదే గుర్తొచ్చి, పుస్తకం పట్టుకుని నేనే ఆమె ఇంటికి పోయాను. ఆమె ఒళ్లోని బీడీల చాట దించి, చేతులు కడుక్కుంది. అయినా చేత్తో అందుకోలేదు. కొంగు పరిచి తీసుకుంది. పేజీ కూడా కొంగు అడ్డం పెట్టే తిప్పింది.

"గట్ల గాదు బిడ్డా, సేత్తోనే తిప్పు."

"వద్దు బాపూ, ఖరాబైతది."

ఈసారి ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది.

ఆ రోజే బీరువా తాళం తీసేశాను. పరీక్షలయ్యాక ఆ పుస్తకం పక్కింటామె చేతికిచ్చి పంపింది. ఒక్క మరక లేదు. పాసైందని హోటల్లో తెలిసింది.

"నీ పుణ్యమే గద తాతా!" అన్నాడు హోటలాయన, ఛాయ్ ముందు పెడుతూ.

ఇంకో రోజైతే దానికి నాలుగు కలిపి చెప్పేవాణ్ణి. తల దించుకుని ఛాయ్ తాగి లేచి వచ్చాను.