కుడతిని దాటిన నిద్ర

గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. పిల్లలు పుట్టాలని మందులు వాడుతూ, వాటికి తోడుగా ఆక్యుపంక్చర్ సూదులు వేయించుకోవడానికి సండూరు నుంచి బళ్లారి వెళ్లేదాన్ని.

ఒకసారి బస్సులో నా పక్కనామె తెల్లచీర కట్టుకొని, దారిలోని కుడతినిలో ప్రార్థనకూటానికి వెళ్తోంది. నా సంగతి విని, "సూదులు నొప్పి పెట్టవా పాపా?" అంది.

"లేదక్కా. బిడ్డ పుడతాదని వాళ్లేం మాటియ్యలేదు గానీ, మనసు నెమ్మదిగా ఉంటాదన్నారు. ఆడ మంచి నిద్ర పడతాది. ఇంట్లోనే పట్టదు."

"అయితే ఈడ పండుకో," అంటూ భుజం నా వైపు జరిపింది.

కళ్లు తెరిచేసరికి బళ్లారి వచ్చేసింది.

"కుడతినిలో దిగలేదేందక్కా?" అన్నాను.

"అంత బాగా నిద్రపోతాంటే ఎట్ల లేపేదమ్మా," అంది.

లారీల నుంచి లేచిన ఇనుప ఖనిజం దుమ్ముకు ఆమె చీర ఎర్రబడింది. భుజం మీద, నా తల ఆనిన చోటు మాత్రం తెల్లగా ఉంది.