బావ ఆపిన పని

సముద్రం మధ్య చమురు, గ్యాస్ తీసే రిగ్గుల మీద భద్రత సరిగా ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. హెలికాప్టర్‌లో వెళ్లి, లోపాలు పట్టుకుని, సరిచేసేదాకా పనులు ఆపించి వచ్చేవాణ్ణి. రిగ్గు మీద ఒక నియమం ఉంది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా పని ఆపించవచ్చు. వంటవాడు ఆపమన్నా మేనేజరు మారు మాట్లాడకూడదు. చుట్టాల పెళ్లిళ్లలో ఈ సంగతి చెప్పి అందరినీ విసిగించేవాణ్ణి.

రిగ్గు ఎక్కే ప్రతి మనిషికీ ఆరోగ్య పరీక్ష ఉండాలి. దాని గడువు దాటిందని ఒక వెల్డర్‌ని వచ్చిన హెలికాప్టర్‌లోనే వెనక్కి పంపాను. బతిమాలినా వినలేదు. అది తప్పని ఇప్పటికీ అనుకోను. నా వంతు వచ్చేసరికి నేను చేసింది మాత్రం వేరు.

నా పరీక్ష గడువు ముగిసే రోజుల్లో సెలవు మీద జగ్గయ్యపేటలో ఉన్నాను. వారంలో తనిఖీకి వెళ్లాలి. కొన్ని నెలలుగా రిగ్గు మీద ఇనుప మెట్లు ఎక్కుతుంటే ఛాతీ బరువెక్కుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక ఆఫీసులో బల్ల దగ్గర కూర్చోబెడతారు. అందుకే నందిగామలో ఆసుపత్రి నడిపే మా అక్క భర్త దగ్గరికి వెళ్లాను. సొంత బావ, సంతకం పెట్టకపోతాడా అని ధీమా.

బావ నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. కాసేపటికే మిషన్ ఆపేసి, గ్రాఫ్ చూస్తూ అడిగాడు.

“ఎన్నాళ్ల నుంచి ఈ ఆయాసం?”

“ఆయాసమేం లేదు బావా, మోకాలు నెప్పి.”

“మోకాలు నెప్పి గుండె గ్రాఫ్‌లో పడదులే. రేపు విజయవాడ పోదాం, యాంజియో చేయించాలి.”

“తనిఖీ అయ్యాక చేయించుకుంటా. ఇప్పటికి ఫిట్ అని రాసెయ్.”

“రాయను.”

“నేనేమన్నా బయటివాణ్ణా?”

“మీ రిగ్గు మీద వంటవాడు కూడా పని ఆపొచ్చని నువ్వేగా చెప్పింది. వాడికన్నా తీసిపోయానా బామ్మర్దీ?”

పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోవడం చూసి ఒళ్లు మండింది. “నందిగామలో జ్వరాలు చూసుకునేవాడివి, సముద్రం సంగతి నీకేం తెలుసు” అనేసి కారెక్కాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

చిల్లకల్లు దగ్గర కారు ఆపి, తెలిసిన మరో డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. “నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, ఇంకేం కావాలండీ. సాయంత్రం మనిషిని పంపండి, రాసిచ్చేస్తా” అన్నాడు.

నాకు కావలసింది అదే. అయినా ఫోన్ పెట్టేశాక భయం వేసింది. తనిఖీల్లో నన్ను కంగారుపెట్టేవి గొడవలు పడే రిగ్గులు కావు. ఏడాదంతా ఎవరూ ఒక్క పనీ ఆపలేదని గొప్పగా చెప్పే రిగ్గులు. అక్కడ ప్రమాదం లేదని కాదు, నోరు విప్పేవాడు లేడని అర్థం. ఇప్పుడు నేను నోరు విప్పని మనిషినే వెతుక్కున్నాను. రిగ్గు మీద నేను కూలబడితే ఆ ఇరుకు మెట్ల మీద నన్ను మోయాల్సింది పరాయివాళ్లు. గాలివానలో హెలికాప్టర్ దింపాల్సింది ఇంకొకడు.

కారు వెనక్కి తిప్పాను.

బావ రేపటిదాకా ఆగకుండా అప్పుడే తన కారు తీశాడు. కీసర టోల్‌గేటు దగ్గర లారీల వెనక నిలబడినప్పుడు, దాచిందంతా చెప్పాను. మెట్ల మధ్యలో ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకున్న సంగతి కూడా.

“మీ అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పుకుని తిట్లు తిను” అన్నాడు.

మర్నాడు రెండు స్టెంట్లు వేశారు. ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు అక్కకి చెప్పాడట, ఆమె నాకు చెప్పలేదు. ఇప్పుడు బల్ల దగ్గరే కూర్చుని కొత్త ఆఫీసర్లకు పని నేర్పుతున్నాను. అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు.

సెలవుకి వచ్చినప్పుడు పొద్దున్నే సిమెంటు లారీలు మొదలవకముందే ముక్త్యాల రోడ్డు మీద నడుస్తాను. ఛాతీ తేలిగ్గా ఉంటుంది. బావకి థాంక్స్ చెప్పే అలవాటు మా ఇళ్లలో లేదు. నడక అయ్యాక ఫోన్ చేస్తాను.

“ఏంటి, చెప్పు” అంటాడు.

“ఏం లేదు బావా, ఊరికే చేశా.”