మొప్ప ఎత్తి చూడు

ఈ ఉదయం చేపల మార్కెట్లో బొచ్చె చేప మొప్ప ఎత్తాను. వేలికి చల్లగా తగిలింది, లోపల ఎర్రగా ఉంది, తాజాదే. అమ్మే ఆవిడ నొచ్చుకుంది. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" "నీ మీద ఉందమ్మా, చేప మీదే లేదు," అన్నాను. ఆ మాట నాది కాదు, సుగుణ గారిది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో నేను గుమాస్తాను. కంప్యూటర్లు చూసుకునేది సుగుణ గారు. చేపల వ్యాపారం చేసే ఇంట పుట్టిన మనిషి, నోరూ పెద్దదే, నవ్వూ పెద్దదే. ఒకసారి మాలో ఎవరో ముక్కూ మొహం తెలియని ఈమెయిల్లోని ఫైలు తెరిచారు. వైరస్ వచ్చి ఆఫీసంతా పడకేసింది. యజమాని మండిపడ్డారు.

"రేపట్నుంచి ఎవరికీ ఏ అటాచ్‌మెంటూ రాకూడదు. అన్నీ ఆపెయ్యండి!"

"ప్రమాదకరమైన రకాలు ఇవాళే ఆపేస్తానండి," అన్నారు సుగుణ గారు. " అన్నీ మాత్రం ఆపను. ఆర్డర్లొచ్చేది వాటిలోనేగా? ఆపితే వీళ్ళు కింద నెట్ సెంటర్లో తెరిచి, ఫ్లాపీలో మోసుకొస్తారు. చూసి తెరవడం నేర్పిస్తానండి."

"మళ్ళీ వస్తే?"

"నా ఉద్యోగం తీసెయ్యండి."

భర్త పోయాక ఆవిడ ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

మర్నాడు ఆవిడ ఒక చేపను తెచ్చి నా టేబుల్ మీదే పెట్టారు. కంపుకి అందరం ముక్కులు మూసుకున్నాం. "మొప్ప ఎత్తకుండా దీన్ని కొంటారా? మరి ఫైలు ఎందుకు తెరుస్తారు? అనుకోకుండా ఏదొచ్చినా, పంపినవాళ్ళకి ఫోన్ చేసి అడగండి. ఎవరైనా సరే!"

కొన్నాళ్ళకు చెన్నై వెళ్ళిన యజమాని పేరుతోనే నాకొక ఫైలు వచ్చింది, వెంటనే తెరవమని. తెరవకుండా ఆయనకే ఫోన్ చేశాను.

"పంపింది నేనే! నా పేరు కనపడలా? నన్నే అనుమానిస్తావా?" అని అరిచారు.

సుగుణ గారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "అమ్మాయి సరిగ్గానే చేసిందండి. మీ మీద నమ్మకం ఉంది, మీ పేరుతో వచ్చినదాని మీదే లేదు. ఇష్టం లేకపోతే నన్ను తీసెయ్యండి, ఆ పిల్లని ఏమీ అనకండి."

"సరే, తెరవమనండి," అన్నారు యజమాని. ఆవిడ ఉద్యోగం పోలేదు, అటాచ్‌మెంట్లూ ఆగలేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు నా పై అధికారి కూడా విసుక్కుంటాడు, "మళ్ళీ ఫోనా?" అని. విసుక్కోనీ. నేను ఫోన్ చేస్తూనే ఉంటాను.