ప్రత్తిపాడు చేలో చిల్లుల ఆముదపాకు

ఆ ఆదివారం తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించి, చాప మడిచి, పొయ్యి మీద పాలు పెట్టాను. అవి పొంగేలోపే చెల్లెలు నసీమా కాగితాల కట్టతో వంటింట్లోకి వచ్చింది. నేను పెసరట్లు పోస్తున్నా తను రాసింది పైకి చదవడం ఆపలేదు. తను బడిలో టీచరు. పురుగుమందులతో పాడైన పల్లె మీద నవల రాసింది. చివరి అధ్యాయంలో కథానాయిక, పత్తిచేను గట్టున చిల్లులుపడ్డ ఆముదం మొక్కను పీకేస్తుంది. నాశనమైన నేలకు అది గుర్తట. బుధవారం ప్రెస్సుకివ్వాలి. ఆ మొక్కను ఎప్పుడైనా చూశావా అన్నాను. ఫొటోలో చూసిందట. అయితే పద అన్నాను.

చీరాలలో ఏడున్నరకు, పర్చూరు మీదుగా గుంటూరు వెళ్లే బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. రెండు గంటల్లో ప్రత్తిపాడు. అక్కడి నుంచి చేలదాకా వెళ్లి రావడానికి ఆటోకి మూడువందలు. ఆకు చూడటానికి వచ్చామంటే డ్రైవరు నమ్మలేదు. పొలం బేరానికే వచ్చామనుకుని దారి పొడవునా ఎకరాల ధరలు చెప్పాడు.

నల్లరేగడి మీద పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. గట్టు వెంట ఆముదం వరస, ఆకులన్నీ జల్లెడలే. అచ్చం తను రాసినట్టే ఉందని నసీమా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పత్తి తీయిస్తున్న రైతు వెంకటేశ్వర్లు గారికి తన కథ చెప్పింది. ఆయన నవ్వారు.

"మీ కథలో అమ్మాయిని మా చేలోకి రానివ్వకండమ్మా. అది పురుగులకి మేం వేసిన విస్తరి. రెక్కల పురుగు పత్తిని వదిలి దీని మీద గుడ్లు పెడుద్ది. ఆ ఆకు తెంపి నలిపేస్తాం. మందు కొట్టే పని సగం తప్పుద్ది."

ఆకు తిరగేసి బూజు ముద్దలాంటి గుడ్లు చూపించారు. వాళ్ల నాన్న ఏటా వేసేవారట. మందు డబ్బాలొచ్చాక ఈయన మానేసి, ఒంటినిండా దద్దుర్లు లేచాక మళ్లీ మొదలుపెట్టారట.

నసీమా ముఖం వాడిపోయింది.

"అంటే పుస్తకమంతా తప్పేనా అక్కా?"

"పుస్తకం కాదే. ఆ మొక్కను పీకడమొక్కటే."

కాసేపటికి తనే నోటుబుక్ తీసింది. ఇక ఆయన్ని వదల్లేదు, వరసలో మొక్క మొక్కకీ ఆగి అడిగింది. నాకూ కాళ్లు నేల మీద నిలవలేదు. మధ్యాహ్నపు జొహర్ నమాజు గట్టు మీదే చేసుకున్నాను.

కథలో గుర్తుగా నిలబెట్టే వస్తువుకి, కథకన్నా ముందే చేలో ఒక పని ఉంటుంది. అదేమిటో దాన్ని నాటినవాళ్లే చెప్పాలి. మీరూ వెళ్లాలనుకుంటే నవంబరులో, ఎండ ముదరకముందే వెళ్లండి. మందు ఎప్పుడు కొట్టారో అడిగాకే ఆకు ముట్టుకోండి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన, నసీమా, నేను కూర్చుని తేల్చుకున్నాం. ప్రెస్సువాళ్లని ఇంకో వారం అడగాలి. కథానాయిక మొక్కను పీకదు. మందు డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టి, కొంగున ఆముదం గింజలు కట్టుకుని చేలోకి దిగుతుంది.