హీలియం అన్న మాట

తంగళ్ళపల్లి మల్లేశం కోరుట్లకు బస్సెక్కితే మెట్‌పల్లికి టికెట్ తీసుకుంటాడు. మెట్‌పల్లి కోరుట్ల దాటాక వస్తుంది. డబ్బులు ఎక్కువై కాదు, 'క' అన్న అక్షరం ఆయన గొంతులో అడ్డం పడుతుంది. 'ప'తోనూ, 'హ'తోనూ అదే తంటా. కండక్టరు మీదికొచ్చి నిలబడ్డప్పుడు 'కో' దగ్గర ఇరుక్కుపోతే బస్సంతా తన నోటివంకే చూస్తుంది. దానికన్నా పై ఊరికి టికెట్ కొనడమే నయమనుకుంటాడు.

యాభై ఎనిమిదేళ్ళుగా ఇట్లాగే నెట్టుకొచ్చాడు. అడ్డం పడే మాట వస్తోందని ముందే పసిగట్టి, దాని బదులు ఇంకో మాట పెట్టి జారుకుంటాడు. సిరిసిల్లలో నూలుకు గంజి పట్టించే కార్ఖానాలో బాయిలర్ దగ్గర చేరిందీ అందుకే. ఆ మోతలో ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. ఊళ్ళోవాళ్ళేమో "మల్లేశం గంభీరమైన మనిషి, తూకం వేసి మాట్లాడుతడు" అని మెచ్చుకుంటారు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భార్య విజయకు కూడా సంగతి తెలియదంటే ఈయన ఎంత గడుసువాడో చూడండి.

బిడ్డ శ్రీలతకు ఐదో ఏట నత్తి మొదలైంది. "చిన్నప్పుడు వస పొయ్యకపోతిమి, మా అత్త చెప్తె ఇనకపోతి" అని విజయ తనను తానే తిట్టుకుంది. అది నా దగ్గర్నుంచి వచ్చిందే అని మల్లేశం ఒక్క మాట అంటే సరిపోయేది. ఇరవై ఏళ్ళయినా ఆ మాట అనలేదు. అది నత్తి కాదు, ఉత్త పిరికితనం. ఆయనకూ తెలుసు. తెలిసి, బాయిలర్ ముందు కూర్చుని ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకున్నాడు.

శ్రీలత ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ ఉద్యోగముంది, దానికి డెమో క్లాసు చెప్పాలి. అంతకుముందు రెండు కాలేజీల్లో నోరు పెగలక, చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసి మధ్యలోనే వచ్చేసింది. ఈసారీ అట్లాగే అయితే ఇక చదువు పక్కన పెట్టి బీడీలు చుట్టుకుంటానంది. ఊరికే అనలేదు, చాటా కత్తెరా తెచ్చి పెట్టుకుంది కూడా.

ఆదివారం మధ్యాహ్నం తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పి చూసింది.

"సూర్యునసొంటి నక్షత్రం ముసల్దైనంక, నాయినా, దాని నడుమల హ్... హ్... హీలియం మిగుల్తది. మీదున్న బరువుకు అది కిక్కిరిసిపోతది. ఇగ ఎంత వేడెక్కినా ఉబ్బది."

మల్లేశం నిటారుగా కూర్చున్నాడు. ఆవిరితో బతికిన మనిషి మరి. "గదెట్ల? వేడైతె ఆవిరి జోరు ఎక్కువైతది. వాల్వు లేస్తది. అప్పుడు సల్లవడ్తది. గక్కడ వాల్వు లేవదా?"

"లేవదు! గదే అసలు సంగతి. వేడి ఎక్కుతనే ఉంటది, ఒత్తిడి మాత్రం ఉన్నకాడనే ఉంటది. పది కోట్ల డిగ్రీలకు రాంగనే ఒక్కసారే అంటుకుంటది. కొన్ని నిమిషాలే గని, కోట్ల నక్షత్రాలు కలిస్తె వచ్చేంత మంట."

"ఇగ ఉంటదా, తునకలైతది!"

"కాదు. గా మంటంత లోపలి బిగువును విప్పుడుకే అయిపోతది. బయటికెల్లి సూసెటోళ్ళకు ఏం కనవడది. తర్వాత నక్షత్రం జెర చిన్నగై, కోట్ల ఏండ్లు నిమ్మలంగ వెలుగుతది."

మల్లేశానికి మహా ముచ్చటేసింది. ఆ ముచ్చట్లో తనకు వచ్చిన ఒకే ఒక విద్య బిడ్డకు నేర్పబోయాడు. "గా మాటెందుకు బిడ్డా? గ్యాస్ అనరాదు?"

"ఎన్ని మాటలని తప్పిచ్చుకుంట తిరగాలె నాయినా? రేపు పిల్లలు పరీక్షల గ్యాస్ అని రాస్తరా?" అని శ్రీలత నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు.

మంగళవారం కోరుట్ల కాలేజీలో డెమోకు పిల్లలు తక్కువ పడ్డారు. బెంచీలు బోసిగా ఉన్నాయని అటెండర్ గంగవ్వ, బిడ్డకు తోడొచ్చిన మల్లేశాన్ని కూడా తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టింది. ముందు వరుసలో ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు. శ్రీలత బోర్డు మీద గుండ్రంగా నక్షత్రం గీసి బాగానే మొదలుపెట్టింది. దాని నడిమికి వచ్చేసరికి "హ్" అని ఆగిపోయింది. మళ్ళీ "హ్". మెడ మీద నరాలు తేలాయి. పిల్లలు తలలు దించుకున్నారు. ఒక లెక్చరర్ గడియారం చూసుకున్నాడు. శ్రీలత చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసింది.

మల్లేశం లేచి నిలబడ్డాడు. గ్యాస్ అనొచ్చు, గాలి అనొచ్చు. తప్పించుకునే మాటలు ఎప్పట్లాగే నోటిదాకా వచ్చాయి. ఆయన వాటిని వద్దనుకున్నాడు.

"మేడం, గా హ్... హ్... హ్..." గడ్డం వణికింది. కళ్ళు మూతలుపడ్డాయి. ఎవరూ చూడకుండా ఇన్నేళ్ళు దాచుకున్న ముఖాన్ని అంతమంది ముందు బయటపెట్టాడు. "...హీలియం వేడెక్కితె వాల్వు లేవదా?"

శ్రీలత కదలకుండా తండ్రిని చూసింది. ఆ ఆగడం ఆమెకు తెలుసు. గొంతు ఎక్కడ పట్టేస్తుందో, కళ్ళెందుకు మూతపడతాయో అన్నీ తెలుసు. అది నాయినకు కూడా ఉందన్నదొక్కటే తెలియదు.

చాక్‌పీస్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మంచి ప్రశ్న అడిగారు. హ్... హ్..." ఊపిరి తీసుకుంది, తొందరపడలేదు. "...హీలియం ఎంత వేడెక్కినా, వాల్వు లేవదు."

అక్కడి నుంచి పాఠం నడిచింది. పదకొండు సార్లు ఆగింది కానీ ఒక్కసారి కూడా మాట మార్చలేదు. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకు ఎవరో పెద్దాయన ప్రశ్న అడిగినట్టే తప్ప ఇంకేమీ తెలియలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

బస్టాండులో తండ్రీబిడ్డలు పక్కపక్కన కూర్చున్నారు. శ్రీలతే ముందు అడిగింది.

"ఎప్పటిసంది నాయినా?"

చిన్నప్పటిసంది అనేస్తే సులువుగా పోయేది. 'చ' ఆయనకు ఎన్నడూ అడ్డం రాలేదు.

"పు... పు..." అన్నాడు మల్లేశం. శ్రీలత ఆ మాట అందివ్వలేదు, ముఖం తిప్పుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. జగిత్యాల బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

"పు... పుట్టినప్పటిసంది, బిడ్డా."